నంబరే న్యాయము : ఆల్మన్ స్ట్రోజర్ జీవితము

దూరమున నున్న మనుష్యుని కంఠస్వరమును తీగెమీదుగా చెవికి చేర్చిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు బడిపిల్లలకు సైతము తెలిసినదే. అయితే వేలకొలది తీగెలలో ఏ తీగెను ఏ తీగెతో కలుపవలెనో మనుష్యుని చేయి సోకకుండ నిర్ణయించు యంత్రమును కల్పించినవాడు వేరొకడు. ఆతడు ఇంజనీరు కాడు. విద్యుచ్ఛాస్త్రము చదువుకొన్నవాడును కాడు. చనిపోయినవారికి శవపేటికలు అమర్చి, ఖననసంస్కారములు జరిపించి జీవనము గడపుకొన్న సామాన్య గృహస్థు. ఆతని పేరు ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్. మన దేశములో టెలిఫోను శాఖయందు పనిచేసిన రెండు మూడు తరముల ఇంజనీర్లకును మెకానిక్కులకును ఆ పేరు నిత్యము నోట నానినదే. వారికది మనుష్యుని పేరుగా కంటె యంత్రము పేరుగానే ఎక్కువ పరిచితము.

ఎక్స్ఛేంజి అవసరము

రెండు టెలిఫోన్లను కలుపుటకు ఒక్క జత తీగెలు చాలును. పది టెలిఫోన్లను ఒకదానితో ఒకటి నేరుగా కలుపవలెనన్నచో నలుబదియైదు జతలు కావలెను. నూరు టెలిఫోన్లకు 4,950 జతలు. వేయి టెలిఫోన్లకు 4,99,500 జతలు. ఇక విశాఖపట్టణము వంటి నగరములో ప్రతి ఇంటినుండి తక్కిన అన్ని ఇండ్లకును తీగెలు లాగుట ఎట్లు సాధ్యమగును? కావున ప్రతి ఇంటి తీగెయు ఒక మధ్యస్థానమునకు చేరవలెను. అక్కడ కోరిన తీగెతో కోరినప్పుడు కలిపి, మాట ముగియగనే విడదీయవలెను. ఆ మధ్యస్థానమే ఎక్స్ఛేంజి.

1878 జనవరి 28వ తేదీన అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున 21 మంది చందాదారులతో మొదటి వ్యాపార ఎక్స్ఛేంజి పని ప్రారంభించెను. మన దేశమున 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు వెలసెను. అన్నింటను ఒకటే పద్ధతి. ఒక పెద్ద బోర్డుమీద ప్రతి చందాదారునకు ఒక రంధ్రము. బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరు పిలుపు రాగానే విచారించి, తాడువంటి తీగె కొనను కోరినవారి రంధ్రమున గ్రుచ్చి రెండు లైన్లను కలుపును. మొదట ఈ పనికి కుఱ్ఱవాండ్రను పెట్టిరి. వారి అల్లరికిని దురుసు మాటలకును వేసారి కంపెనీలవారు స్త్రీలను నియమించిరి. 1878 సెప్టెంబరులో బోస్టనునందు చేరిన ఎమ్మా నట్ వారిలో మొదటిది.

ఈ పద్ధతిలో సుగుణములు లేకపోలేదు. అర్ధరాత్రివేళ వైద్యుడు ఏ ఇంట నున్నాడో ఆపరేటరు వెదకి పట్టగలదు. ఊరిలో నిప్పంటుకొన్నచో పదిమందికి కబురు చేయగలదు. అయితే ఏ పిలుపు ఎవరికి చేరవలెనో, ఎవరికి చేరరాదో నిర్ణయించు అధికారమంతయు ఆ ఒక్క చేతిలోనే ఉండెను. విశాఖ రేవులోని ఓడల ఏజెంటు కలకత్తాకో మద్రాసుకో మాట్లాడవలెనన్న ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొలది వేచియుండిన దినములు ఎరిగినవారికి ఆ అధికారము ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. దానిని మొదటిసారి గట్టిగా ప్రశ్నించినవాడు స్ట్రోజర్.

బాల్యము, యుద్ధము, వృత్తి

స్ట్రోజర్ 1839 ఫిబ్రవరి 11వ తేదీన న్యూయార్క్ రాష్ట్రమున రోచెస్టరు నగర సమీపమందలి పెన్‌ఫీల్డ్ గ్రామములో జన్మించెను. తల్లి ఏదైన ఇంటిపని చెప్పినచో ఆ పని చేయుటకు మారుగా, దానిని చేసిపెట్టు యంత్రము నెట్లు అమర్చవచ్చునా యని ఆ ఇంటి పిల్లలు ఆలోచించుచు కూర్చుండెడివారని చెప్పుకొందురు. సోమరితనమువలె కనుపించు ఈ గుణము అనంతర కాలమున ఎంత పని చేసినదో ముందు తెలియగలదు.

ఆతనికి ఇరువది రెండేండ్లు వచ్చునప్పటికి అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము చెలరేగెను. స్ట్రోజర్ ఉత్తరపక్షమున 8వ న్యూయార్క్ ఆశ్వికదళమందు చేరి బాకా ఊదువాడుగ పనిచేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట కొంతకాలము బడిపంతులుగ నుండెను. ఆ మీదట పశ్చిమమునకు తరలి, కాన్సాస్ రాష్ట్రమునందును తుదకు మిస్సోరి రాష్ట్రములోని కాన్సాస్ సిటీ యందును శవసంస్కారముల వ్యాపారము పెట్టుకొనెను.

ఈ వ్యాపారమునకును టెలిఫోనుకును గల సంబంధము గమనింపదగినది. ఇంటిలో ఒకరు కన్నుమూసినప్పుడు ఆ ఇంటివారు నాలుగు దుకాణములు తిరిగి బేరమాడరు. మొదట ఎవరు పలికినచో వారికే పని అప్పగింతురు. కావున ఒక్క పిలుపు దారి తప్పినను ఆ బేరము పోయినట్లే.

ఆతని పిలుపులు దారి తప్పుచున్నవని స్ట్రోజరునకు అనుమానము కలిగెను. ఊరిలో అదే వృత్తి చేయు పోటీదారుని భార్యయో, బంధువో ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగ నుండెననియు, స్ట్రోజర్ కావలెనన్నవారిని ఆమె తన ఇంటివానికి కలుపుచుండెననియు ప్రసిద్ధమైన కథ. ఇది జరిగిన ఊరు ఏదో, ఆ ఆపరేటరు ఎవరో కథ చెప్పువారిని బట్టి మారుచుండును. దీనికి విరుద్ధముగ మరియొక కథనము కాన్సాస్ సిటీ టెలిఫోను కంపెనీవారి వైపునుండి వచ్చినది. దాని ప్రకారము స్ట్రోజర్ దుకాణములోని లోహపు బోర్డొకటి గాలికి ఊగి తీగెకు తగులుటచేత ఆతని లైను అప్పుడప్పుడు పనిచేయక పోయెను. తప్పు ఏ ఆపరేటరుదియు కాదు.

ఏది సత్యమో నేడు తేల్చుట అసాధ్యము. ఆ స్త్రీ నిర్దోషియై యుండవచ్చును. ఆతని అనుమానము పొరపాటైనను, దానినుండి పుట్టిన ఆలోచనలో మాత్రము పొరపాటు లేదు. ఒక మనుష్యుడు న్యాయముగ ప్రవర్తించునని నమ్ముకొనవలసిన అవసరమే లేని ఏర్పాటు కావలెనని ఆతడు భావించెను. మరియొకడైనచో కంపెనీకి ఫిర్యాదులు వ్రాసి ఊరకుండెడివాడు, లేదా ఆపరేటరును మార్పించెడివాడు. స్ట్రోజర్ ఆపరేటరు అవసరమునే తొలగింప పూనుకొనెను.

గుండుసూదుల డబ్బా

మొదటి నమూనాను చొక్కా కాలర్లు పెట్టుకొను గుండ్రని అట్టడబ్బాతోను గుండుసూదులతోను చేసెనని చెప్పుదురు. డబ్బా గోడకు సూదులు వరుసలు వరుసలుగ గ్రుచ్చబడినవి. ఒక్కొక్క సూది ఒక్కొక్క చందాదారుని తీగె కొన. నడుమ నిలువుగ ఒక కడ్డీ. దానికి ప్రక్కకు చాచిన చేయివంటి లోహపు ముక్క. కడ్డీ మెట్టు మెట్టుగ పైకి లేచును. లేచిన తావున మెట్టు మెట్టుగ ప్రక్కకు తిరుగును. ఆ చేయి ఏ సూదిని తాకి నిలుచునో ఆ ఇంట గంట మ్రోగును. విద్యుదయస్కాంతము ఒక్కసారి లాగినచో కడ్డీ ఒక్క మెట్టు కదలును. ఎన్ని మెట్లు కదలవలెనో నిర్ణయించువాడు పిలుచువాడే.

ఇట్టి యత్నము చేసినవారిలో స్ట్రోజర్ ప్రథముడు కాడు. కానొలీ సోదరులును మెక్‌టీగ్ అను నాతడును 1879లోనే స్వయంచాలక ఎక్స్ఛేంజికి పేటెంటు కోరియుండిరి. అయితే వారి యంత్రము ఆచరణలో నిలువలేదు. స్ట్రోజర్ 1889 మార్చి 12వ తేదీన దరఖాస్తు పెట్టగా, 1891 మార్చి 10వ తేదీన ఆతనికి 4,47,918 సంఖ్య గల అమెరికా పేటెంటు లభించెను.

పేటెంటు కాగితము వేరు, పనిచేయు ఎక్స్ఛేంజి వేరు. ధనమును యంత్రవిద్యయు ఆతనికి కొరతయే. సోదరుని కుమారుడైన వాల్టర్ స్ట్రోజర్ తోడు వచ్చెను. జోసెఫ్ హారిస్, మోజెస్ మేయర్ అను వర్తకులు పెట్టుబడికి ముందుకు వచ్చిరి. 1891లో షికాగోయందు స్ట్రోజర్ ఆటోమాటిక్ టెలిఫోను ఎక్స్ఛేంజి కంపెనీ ఏర్పడెను. అలెగ్జాండర్ కీత్, ఎరిక్‌సన్ సోదరులు మొదలగు నిపుణులు క్రమముగ ఆ కంపెనీలో చేరిరి.

1892 నవంబరు 3వ తేదీన ఇండియానా రాష్ట్రములోని లాపోర్ట్ అను చిన్న పట్టణమున ప్రపంచములోని మొదటి స్వయంచాలక వ్యాపార ఎక్స్ఛేంజి తెరువబడెను. చందాదారులు సుమారు 75 మంది. యంత్రమునకు 99 మంది వరకు శక్తి కలదు. నాడు ఆ పట్టణమున స్విచ్ బోర్డు ముందు కూర్చొను ఆపరేటరు లేకుండగనే ఇంటికి ఇల్లు పలికినది.

ఆ టెలిఫోనుకు మనమెరిగిన డయలు లేదు. పిలుచువాడు నంబరులోని ఒక్కొక్క స్థానమునకు వేరు వేరు మీటలను కావలసినన్ని మారులు నొక్కవలెను. లెక్క తప్పినచో పిలుపు పొరుగువానికి పోవును. మీటకొక తీగె చొప్పున ఇంటింటికి అనేక తీగెలు లాగవలసి వచ్చెను. ఈ కష్టమును కీతును ఎరిక్‌సన్ సోదరులును 1896లో తీర్చిరి. వ్రేలు పెట్టి త్రిప్పి విడిచిన తానే వెనుకకు మరలు చక్రమును వారు కల్పించిరి. చక్రము మరలునప్పుడు తీగెలోని విద్యుత్ప్రవాహము అంకె ఎంతయో అన్ని మారులు తెగి అతుకును. 3 అంకెకు మూడు మారులు. సున్నకు పది మారులు. స్ట్రోజర్ తలపోసిన మెట్లకును మనుష్యుని వ్రేలికిని ఈ విధముగ సులభమైన సంబంధము కుదిరినది.

పిలుపు నడచు దారి

స్ట్రోజర్ పద్ధతికి ఇంజనీర్లు మెట్టు తరువాత మెట్టు అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. రిసీవరు ఎత్తగానే ఖాళీగ నున్న ఒక సెలెక్టరు ఆ లైనుకు దొరకును. అప్పుడే డయలు టోన్ వినవచ్చును. మొదటి అంకె త్రిప్పగనే సెలెక్టరు అన్ని మెట్లు పైకి లేచును. పిమ్మట ఎవరును చెప్పకుండగనే ఆ అంతస్తులో ప్రక్కకు తిరుగుచు, ఖాళీగ నున్న దారిని వెదకి, ముందున్న రెండవ సెలెక్టరుకు పిలుపును అప్పగించును. ఇట్లు ఒక్కొక్క అంకె ఒక్కొక్క కూడలి దాటించును. చివరి రెండంకెలను తుది సెలెక్టరు పుచ్చుకొనును. దానియందు పది అంతస్తులు, అంతస్తునకు పది స్థానములు, వెరసి నూరు లైన్లు. ఒక అంకెకు పైకి లేచి, మరియొక అంకెకు ప్రక్కకు తిరిగి, లైను ఖాళీయైనచో గంట మ్రోగించును. లేనిచో ఎంగేజ్డ్ టోన్ వినిపించును.

రైల్వే యార్డులో బండి నడక చూచినవారికి ఇది సులభముగ బోధపడును. బైలదిల్లా గనులనుండి కొత్తవలస మీదుగా విశాఖకు వచ్చు ఇనుపరాతి బండి ఒక్కసారిగా తన తావు చేరదు. మొదటి పాయింటు ఒక వైపునకు మళ్లించును. రెండవది ఆ వైపునందలి ఒక వరుసకు, మూడవది ఆ వరుసలోని ఒక పట్టాకు చేర్చును. ప్రతి పాయింటును తన ముందున్న చీలికను మాత్రమే ఎరుగును. అయినను బండి గమ్యము చేరుచున్నది. పూర్వము ఆతని ఊరిలో ఒక స్త్రీ మనస్సులో నుండిన దారి యావత్తును స్ట్రోజర్ ఇట్లు అంకెలలోనికి మార్చెను.

ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. యంత్రమునకు జ్ఞాపకశక్తి లేదు. మూడవ మెట్టున దారులన్నియు నిండియున్నచో వెనుకకు వచ్చి వేరొక దారి చూడలేదు. పిలుచువాడు మరల మొదటినుండి డయలు త్రిప్పవలెను. మెట్టు మెట్టున ఎన్ని దారులుండిన చాలునను ప్రశ్నకు డెన్మార్కుదేశపు గణితజ్ఞుడు ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు 1909లోను 1917లోను ప్రకటించిన వ్యాసములలో సమాధానమిచ్చెను. రేవులో బెర్తులు ఎన్ని యుండిన ఎన్ని ఓడలు వెలుపల లంగరు వేసి వేచియుండవలెనను లెక్కయు ఈ జాతిదే. నంబరును ముందుగ జ్ఞాపకముంచుకొని దారిని వెదకు క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలు ఆ లోపమును పిదప తీర్చెను.

లాభము ఎవరిది?

తన పేరుగల యంత్రము ప్రపంచమును చుట్టక మునుపే స్ట్రోజర్ దానినుండి తొలగిపోయెను. 1896లో తన పేటెంట్లను 1,800 డాలర్లకు సహచరులకు అమ్మివేసెను. 1898లో కంపెనీలోని తన భాగమును 10,000 డాలర్లకు విడిచెను. ఆ పేటెంట్లకే 1916లో బెల్ సంస్థ 25 లక్షల డాలర్లు చెల్లించెనని చెప్పుదురు.

ఆరోగ్యము సరిగ లేకపోవుటచే ఆతడు ఫ్లోరిడా రాష్ట్రములోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పట్టణమునకు తరలెను. అక్కడ కొంత స్థిరాస్తి సంపాదించెను గనుక దరిద్రుడై చనిపోయెననుట సరికాదు. 1902 మే 26వ తేదీన అరువది మూడవ యేట రక్తనాళ వ్యాధితో మరణించి, ఆ ఊరి గ్రీన్‌వుడ్ శ్మశానమున ఖననము చేయబడెను. నాలుగు దశాబ్దములకు పైగా గడచిన పిమ్మట కంపెనీవారు సమాధిని వెదకించి కంచు ఫలకము పెట్టించిరి. ఎందరికో సమాధులు అమర్చినవాని సమాధిని గుర్తింపజేయుటకు అంతకాలము పట్టెను.

యంత్రము మాత్రము వేగముగ సాగిపోయెను. 1908లో జర్మనీలోని హిల్డెస్‌హైమ్, 1912లో ఇంగ్లండులోని ఎప్సమ్ స్వయంచాలక ఎక్స్ఛేంజీలను పొందెను. చిరకాలము ఆపరేటర్లనే నమ్ముకొన్న బెల్ సంస్థ 1919లో నార్‌ఫోక్ నగరమున స్ట్రోజర్ పద్ధతికి తలయొగ్గెను. స్విచ్ బోర్డు ముందు కూర్చున్న వేలకొలది స్త్రీల జీవనోపాధిని ఈ యంత్రము క్రమముగ హరించెను. వారిలో ఎవరును స్ట్రోజరునకు అపకారము చేసినవారు కారు. ఒక్క ఆపరేటరుమీద అనుమానమునకు ఆ వృత్తి యావత్తును మూల్యము చెల్లించినదని ఎవరైన ఆక్షేపించినచో అది పూర్తిగ అన్యాయము కాదు. అయితే నేటి టెలిఫోన్ల సంఖ్యకు ఆపరేటర్లను నియమింపవలెనన్నచో దేశములోని జనులందరును స్విచ్ బోర్డు ముందు కూర్చొనవలసి యుండెడిది.

తెలుగునాట ఆ యంత్రపు అడుగులు

మన దేశమున మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో 700 లైన్లతో సిమ్లాలో నెలకొనెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, బెంగుళూరున ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్థాపింపబడెను. ఇంగ్లండులోని లివర్‌పూల్ కంపెనీ సహకారముతో అక్కడ స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలు తయారయ్యెను. 1960లో లక్నో, కాన్పూరుల నడుమ ఆపరేటరుతో పనిలేని దూరపు పిలుపు, అనగా ఎస్.టి.డి., ప్రారంభమయ్యెను. ఊరిలోని పిలుపుకు స్ట్రోజర్ చేసినదే ఊళ్ల నడుమ పిలుపులకును జరిగినది.

విశాఖపట్టణపు ఎస్.టి.డి. సంఖ్య 0891. అందులోని సున్న ఊరి ఎక్స్ఛేంజినుండి ట్రంకు మార్గమునకు త్రోవ తీయును. ఎనిమిదితో మొదలగు సంఖ్యలు తెలుగు కన్నడ ప్రాంతములలో విస్తారముగ కలవు. రాజమహేంద్రవరము 0883, కాకినాడ 0884, విజయవాడ 0866. ఎనిమిది వరకు దారి ఒకటే. ఆ తరువాతి అంకెతో దారులు విడివడును. తొమ్మిదియు ఒకటియు పిలుపును విశాఖకు చేర్చును. 1933లో ప్రారంభమైన రేవుకును, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునకును దూరదేశముల పిలుపులు చేరుటకు ఈ అంకెలే సోపానములైనవి. అట్టడబ్బాలోని సూదుల వరుసలు దేశపటముమీద పరచుకొన్నట్లుండును.

1984లో సి-డాట్ సంస్థ ఏర్పడిన పిదప మనవారే రూపొందించిన డిజిటల్ ఎక్స్ఛేంజీలు ఊరూర వెలసెను. పగలనక రాత్రియనక గదులనిండ టకటకలాడిన సెలెక్టర్లు పాత ఇనుముగ మారెను. వాని కాంటాక్టులను తుడిచి, స్ప్రింగులను సరిచూచి, నూనె పెట్టి కాపాడిన మెకానిక్కులు పదవీ విరమణ చేసిరి. నేడు సెల్‌ఫోను పిలుపునకు దారి చూపునది కంప్యూటరు ప్రోగ్రాము. మెట్టెక్కు కడ్డీయు లేదు, తిరుగు చేయియు లేదు.

అయినను నంబరు చూచి, మనిషి ముఖము చూడక, కోరినవానికే పిలుపును చేర్చుట అను ధర్మము స్ట్రోజర్ ఏర్పరచినదే. ఆ ధర్మమును నాడు కంటికి కనుపించు కడ్డీ నిలబెట్టెను. నేడు కనుపించని ప్రోగ్రాము నిలబెట్టవలెను. ప్రోగ్రామును వ్రాయునది మరల మనుష్యుని చేయియే గనుక, కాన్సాస్ సిటీ శవపేటికల వర్తకుని మనస్సును వేధించిన ప్రశ్న నేటికిని తీరినదనరాదు. ఆతని అనుమానము నిజమో కాదో ఎవరికిని తెలియకపోయినను, పిలిచినవాని పిలుపు పిలువబడినవానికే దక్కవలెనన్న ఆతని పట్టుదల వలన ప్రపంచము లాభపడినది.